పరుల పశువులను కాచు వృత్తి: నాడును నేడును

మానవుడు అడవిమృగమును మచ్చిక చేసికొని తన ముంగిట కట్టుకొన్ననాడే దానిని కాచు పనియు పుట్టినది. తన పశువును తాను కాచుకొనుట గృహస్థధర్మము. పరుల పశువును కూలికో, పాలికో, ఇచ్చిన మాటకో కట్టుబడి కాచుట వృత్తి. మొదటిదానికి మమకారము చాలును. రెండవదానికి నమ్మకము కావలయును. సొమ్ము ఒకరిది, శ్రమ మరియొకరిది, నడుమ నోరులేని ప్రాణి యున్నది. తనకు జరిగిన మేలు గాని కీడు గాని అది చెప్పజాలదు. కావుననే మన పూర్వులు ఈ వృత్తికి మిక్కిలి శ్రద్ధతో కట్టుబాట్లు చేసిరి.

అట్లయినను తెలుగు ఇండ్లలో “గొడ్లు కాచుకొనుటకు తప్ప పనికిరావు” అను మాట మందలింపుగా నిలిచిపోయినది. పాఠము అప్పగింపలేని బాలుని బడిలో పంతులును, ఇంటిలో తండ్రియు ఈ మాటతోనే చిన్నబుచ్చెడివారు. ఏ నేర్పును అక్కరలేనివాడు చేయు పని గొడ్లు కాచుట యని ఆ మాటకు భావము. ఈ భావము చరిత్రకు నిలుచునా యని విచారించుట అవసరము. ఏలయన ఈ పురాతనవృత్తి మన కాలమున కొత్త రూపమున మరల తలయెత్తినది. ఊరికి పోవువారి కుక్కలను, పిల్లులను, పక్షులను వారు తిరిగి వచ్చువరకు కాచి పెట్టు పని నేడు పట్టణములలో జీవనోపాధి యగుచున్నది. ఆ పనికి పూనుకొను యువకులు మన కుటుంబములలోనే బయలుదేరుచున్నారు. వారిని ఆశీర్వదింపవలెనా, అడ్డగింపవలెనా యని పెద్దలు సంశయించుచున్నారు.

ధర్మశాస్త్రములలో కాపరి

యాజ్ఞవల్క్యస్మృతిలో స్వామిపాలవివాదమను ప్రకరణము కలదు. స్వామి యనగా పశువు గలవాడు. పాలుడనగా దానిని కాచువాడు. ఉదయమున పశువులను ఎట్లప్పగించిరో సాయంకాలమున అట్లే తిరిగి అప్పగింపవలెననియు, జీతము నిర్ణయించుకొన్న కాపరి యొక్క ఏమరుపాటువలన పశువు చచ్చినను తప్పిపోయినను దాని వెలను అతడే ఇచ్చుకొనవలెననియు అందు విధింపబడినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో సంతరించెను. అది తెలుగున వెలసిన తొలి ధర్మశాస్త్రగ్రంథము.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము ఈ వివాదమును ఇంకను విడదీసి చూపుచున్నది. పగటివేళ పశువు క్షేమమునకు కాపరి బాధ్యుడు. రాత్రి పశువు యజమాని దొడ్డిలో నున్నచో యజమానియే బాధ్యుడు. రాత్రియు కాపరి వద్దనే యున్నచో ఆ భారమును అతనిదే. పురుగులు పట్టి చచ్చినను, కుక్కలు చంపినను, పల్లమున పడి కాలు విరిగి చచ్చినను, కాపరి చేయదగిన ప్రయత్నము చేయనిచో నష్టము అతడు భరింపవలెను. దొంగలు మీదపడి బాహాటముగా తోలుకొనిపోయినచో నష్టము అతనిపై పడదు; అయితే ఆ సంగతిని తగిన కాలమున, తగిన చోట యజమానికి తెలిపి యుండవలెను. జీతము పాల రూపమున తీసికొను కాపరి పది ఆవులలో మేలైనదాని పాలు పిదుకుకొనవచ్చును. పశువు దానంతట అది చచ్చినచో చెవులు, చర్మము మొదలగు గురుతులు తెచ్చి యజమానికి చూపవలెను.

పాఠకులు ఇందలి మూడు అంశములను గుర్తుంచుకొన ప్రార్థన. ఎవరి బాధ్యత ఏ వేళకు మొదలై ఏ వేళకు ముగియునో స్పష్టముగా నుండవలెను. ఏమరుపాటునకును దైవికమునకును భేదము చూడవలెను. కీడు జరిగినచో దాచక వెంటనే తెలుపవలెను. నేటి ఒప్పందపత్రములలోని ముఖ్యమైన షరతులన్నియు ఈ మూడింటి విస్తరణములే.

కౌటిల్యుని అర్థశాస్త్రమున గోఽధ్యక్షుడను అధికారిని గూర్చిన అధ్యాయము కలదు. నూరేసి పశువుల మందకు ఆవులను కాచువాడు, ఎనుములను కాచువాడు, పాలు పిదుకువాడు, మజ్జిగ చిలుకువాడు, క్రూరమృగములనుండి రక్షించు వేటగాడు అని ఐదుగురిని నియమింపవలెనని అందున్నది. వారికి జీతము నగదుగా నియ్యవలెనట. పాలు, నేయి జీతముగా నిచ్చినచో వారు ఆ యాశచేత దూడలకు పాలు విడువక వానిని చంపుదురని కౌటిల్యుడు కారణము చెప్పెను. జీతము ఇచ్చు తీరే పశువు ప్రాణమును నిలుపుటకు గాని తీయుటకు గాని కారణమగునని రెండువేల యేండ్ల క్రిందటనే గ్రహించిన బుద్ధి యిది! ఇంతేకాక ఒక్కొక్క పశువునకు వేసిన ముద్ర, పుట్టుమచ్చ, రంగు, కొమ్ముల తీరు పుస్తకమున కెక్కింపవలెననియు ఆయన విధించెను. కచేరీలో దస్త్రములు వ్రాసి జీవితము గడిపిన నావంటివానికి ఈ వాక్యము చదివినప్పుడు గొడ్లకాపరి దూరపువాడుగా తోచలేదు. అతడును లెక్క అప్పగింపవలసిన ఉద్యోగియే.

చావని గొఱ్ఱెలు, ఇనుప యెడ్లు

శాస్త్రములు చెప్పినవి ఆచరణలో నుండెనా యను ప్రశ్నకు దేవాలయ శాసనములు సమాధాన మిచ్చుచున్నవి. దేవుని సన్నిధిని అఖండదీపము వెలుగుటకు నిత్యము నేయి కావలయును. దాత ధనము నిచ్చుటకు మారుగా పశువుల మంద నిచ్చును. ఆ మందను దేవాలయమువారు కాపరులకు అప్పగింతురు. కాపరి నిత్యము ఇంత నేయి తెచ్చి పోయవలెను.

తమిళ శాసనములలో ఇట్టి మందకు “చావా మూవా పేరాడు” అని పేరు. చావనివి, ముదియనివి యగు గొఱ్ఱెలని యర్థము. తంజావూరి బృహదీశ్వరాలయమున రాజరాజచోళుని ఏర్పాటు ప్రకారము ఒక్క దీపమునకు 96 గొఱ్ఱెలు గాని, 48 ఆవులు గాని, 16 ఎనుములు గాని లెక్క. వానిని చేకొన్న కాపరి దినమునకు ఒక ఉళక్కు నేయి ఇయ్యవలెను. మన తెలుగుదేశమున దాక్షారామ భీమేశ్వరుని గుడి శాసనములయందు ఇదే ఏర్పాటు కనబడును. అచ్చట అఖండదీపమునకు ఇచ్చిన మందను “ఇనుప యెడ్లు” అని వ్రాసిరి. ఏబది ఇనుప యెడ్లను బోయలు చేకొని నిత్యము మానెడు నేయి పోయుట అందలి సాధారణమైన ఒప్పందము. ఆ బాధ్యత వారి పుత్రపౌత్ర పరంపరకును చెందునని శాసనములు పలుకుచున్నవి.

గొఱ్ఱె చావకుండునా? ఎద్దు ఇనుముతో నుండునా? ఈ పేర్ల రహస్యము లెక్కలో నున్నది. ముసలివి చచ్చినను, రోగము వచ్చి పోయినను, పుట్టిన పిల్లలతో కాపరి ఆ సంఖ్యను నింపుచుండవలెను. మందలోని ప్రాణి మారును. మంద సంఖ్య మారదు. సంఖ్యకు మించి పెరిగినది కాపరి శ్రమకు ఫలము. నేడు బ్యాంకులో మూలధనము నుంచి వడ్డీతో ధర్మకార్యము జరిపించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. భేదమొక్కటియే: ఆ మూలధనమునకు ఆకలియు దప్పియు కలవు, తెల్లవారకమునుపే లేచి దానిని మేపవలెను. చంద్రసూర్యులున్నంతకాలము వెలుగవలెనని రాజులును రాణులును కోరుకొన్న దీపములు ఈ కాపరుల చేతిమీదుగా వెలిగినవి. వ్రాత రానివారని వారిని తక్కువ చేసిన దాత ఒక్కడును లేడు. నమ్మదగినవారగుటచేతనే వారి పేర్లు రాతిపై నిలిచినవి.

మన సీమ వీరకల్లులు

ధర్మపురికి పూర్వనామము తగడూరు. సంగమకాలమున అదియమాన్ నెడుమాన్ అంజి ఇచ్చట నేలెను. ఈ సీమయందును, పొరుగున నున్న చెంగం సీమయందును వీరకల్లులు విస్తారముగా దొరకినవి. వానిలో అనేకములు పశువులకొఱకు జరిగిన పోరాటములలో పడినవారి జ్ఞాపకములు. శత్రువు మందలను తోలుకొనిపోవుట, వానిని మరల్చి తెచ్చుట ఆనాటి యుద్ధమునకు నాంది. 1970 ప్రాంతమున తమిళనాడు పురావస్తు శాఖవారు ఈ శాసనములను సేకరించి ప్రకటించిరి. ధర్మపురి ప్రదర్శనశాలలో ఇట్టి శిలలను మన పిల్లలకు చూపవచ్చును.

వీనిలో ఎడుత్తనూరి వీరకల్లు నన్ను మిక్కిలి ఆకర్షించినది. అది పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనవత్సరపు శిల. కరుందేవక్కత్తి యను వీరుడు తన ఎనుములను కాపాడుటకై పోరాడి మడిసెను. కోవివన్ అను కుక్క దొంగను కరచి కాపుండెనని శాసనము చెప్పుచున్నది. వీరుని ప్రక్కన ఆ కుక్క రూపమును చెక్కబడినది. యజమాని మరణించిన పిదపకూడ తనకు అప్పగించిన కాపును విడువని ఆ కుక్కకు ఆనాటివారు శాసనమున పేరిచ్చిరి. ఎందరో సామంతుల పేర్లు మరుగుపడిపోగా ఒక కుక్క పేరు పదునాలుగు శతాబ్దములుగా చదువబడుచున్నది!

కన్నడసీమలోని ఆతకూరున ఇట్టిదే మరియొక శిల దొరకినది. ఇప్పుడది బెంగుళూరు ప్రదర్శనశాలలో నున్నది. 949లో జరిగిన తక్కోలము యుద్ధమునకు సంబంధించిన శాసన మది. గంగరాజు బూతుగుడు తన వీరుడైన మణలేరుని మెచ్చి వరము కోరుకొమ్మనగా అతడు కాళి యను వేటకుక్కను అడిగి తీసికొనెను. ఆ కుక్క ఒక గొప్ప అడవిపందితో పోరాడి, పందియు తానును కలిసి చచ్చెను. దాని జ్ఞాపకముగా శిల నాటించి, ఆ శిలకు నిత్యపూజ జరుగుటకు భూమి ఇచ్చిరి. పెంపుడు కుక్కపై మమకారము పాశ్చాత్యులనుండి వచ్చిన వేడుక యనువారు ఈ రెండు శిలలను చూడవలెను.

పుల్లరి, బందెలదొడ్డి, చట్టము

కాపరికి పశువు గల యజమానితోనే కాక భూమి గల ప్రభువుతోను ఒప్పందము కావలయును. ఆ ఒప్పందము చెడినచో ఏమగునో కాటమరాజు కథ తెలుపుచున్నది. కరవున మేత లేక యాదవవీరుడు కాటమరాజు తన మందలను నెల్లూరి సీమకు తోలుకొనివచ్చి, ప్రభువగు నల్లసిద్ధికి పుల్లరి ఇచ్చుటకు ఒప్పుకొనెను. కథ ప్రకారము నల్లసిద్ధి ప్రియురాలి పెంపుడు చిలుక గొల్లల బాణమునకు చచ్చినది. అందులకు ప్రతీకారముగా ఆమె పక్షమువారు ఆవులను చంపించిరి. పశువులకు రక్షణ లేనిచోట పుల్లరి ఏలయని కాటమరాజు నిరాకరించెను. ఒక చిలుక చావు మహాయుద్ధమై ఖడ్గతిక్కన వంటి వీరుని బలిగొన్నది. పరుల పెంపుడు ప్రాణికి హాని జరిగినప్పుడు వెంటనే నిజము చెప్పి సమాధాన పడుట ఎంత యవసరమో దీనికి మించిన నిదర్శనము లేదు.

తరువాతి కాలమున ప్రభుత్వము చట్టములతో వచ్చెను. 1792లో టిప్పు సుల్తాను బారామహలును కంపెనీకి విడిచిపెట్టగా అలెగ్జాండరు రీడు క్రింద థామస్ మన్రో 1799 వరకు ఈ సీమలో పనిచేసెను. 1882 నాటి మదరాసు అటవీ చట్టముతో అడవిమేత అనుమతిపత్రముల పాలైనది. పల్నాటిలో 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణము నర్పించినది ఈ పుల్లరి ధిక్కారమునందే.

1871 నాటి పశువుల అక్రమప్రవేశ చట్టముచే బందెలదొడ్లు ఏర్పడినవి. పైరు మేసిన పశువును తెచ్చి దొడ్డిలో పెట్టుదురు. దొడ్డి అధికారి దానిని రిజిస్టరులో నెక్కించి, మేతయు నీరును పెట్టి, రుసుము చెల్లించిన యజమానికి అప్పగించును. ఏడు దినములలో ఎవరును రానిచో పోలీసుఠాణాకు తెలియజేయవలెను. బందెలదొడ్డిని శిక్షాస్థలముగానే మనము తలచితిమి. కాని తప్పిపోయిన పశువునకు ఆకలి తీర్చుట చట్టబద్ధమైన విధియైనదియు అచ్చటనే.

1872 నాటి ఒప్పందముల చట్టము మరింత ముఖ్యమైనది. పరుల సొత్తును భద్రపరచుటకు తీసికొన్నవాడు, సామాన్య వివేకము గలవాడు తన సొత్తు విషయమున చూపు శ్రద్ధనే దానియందును చూపవలెనని 151వ సెక్షను చెప్పును. 163వ సెక్షనుక్రింద ఒక ఉదాహరణము కలదు. ఒకడు తన ఆవును మరియొకని సంరక్షణలో విడిచెను. ఆ ఆవు ఈనెను. ఆవుతోపాటు దూడనుకూడ తిరిగి అప్పగింపవలెను. న్యాయవాదులు నేటికిని చదువు ఈ ఉదాహరణము మన పల్లెవారికి కొత్తది కాదు. పల్లెలలో ఆవును “పాలికి” ఇచ్చు ఆచారము చిరకాలముగా నున్నది. మేపువానికి పాలు, పేడ; ఈతలలో యజమానికి ఇన్ని, మేపువానికి ఇన్ని యని ముందుగానే మాట్లాడుకొందురు. షరతులు ఊరూరికి మారును. ఇద్దరు పెద్దలు వినుచుండగా చెప్పిన మాటయే పత్రము. ముందుగా చెప్పుకొనని యెడల దూడయు యజమానిదే యని చట్టము. చెప్పుకొన్నచో పంచుకొందురని ఆచారము. రెండింటికిని విరోధము లేదు.

కొత్త వృత్తి

1965 అక్టోబరు 2న సేలము నుండి ధర్మపురి జిల్లా వేరుపడినప్పుడు హోసూరును అందులో నుండెను. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడగా అందు చేరినది. హోసూరు చెంత మత్తిగిరిలో 1824లో కంపెనీవారు సైన్యపు గుఱ్ఱములకై నెలకొల్పిన క్షేత్రము తరువాత పశుక్షేత్రమైనది. పెన్నాగరము వైపు కావేరీతీరపు ఆలంబాడి ఎడ్లు మన జిల్లా పేరును నిలిపిన జాతి. ఇట్టి పశుసంపద గల సీమలోనే యంత్రశాలలు వెలసి, ఇండ్లు చిన్నవై, దొడ్డి పోయి మెట్లు వచ్చినవి. ఆవు స్థానమున కుక్కయో పిల్లియో ఇంటిలోనికి వచ్చినది.

పూర్వము ఇంటిలో అత్తయో, తాతయో, వదినయో ఎల్లప్పుడు ఉండెడివారు. తిరుపతికి పోయినను పెండ్లికి పోయినను కుక్కకు అన్నము పెట్టు చేయి ఒకటి ఇంట మిగిలెడిది. నేడు ఇంటిల్లిపాదియు పోవుదురు, లేదా ఇంటనున్నది వృద్ధదంపతులే. మా వీధిలో ఒక ముసలి దంపతులు తమ కుక్కను ఎవరికి అప్పగింపవలెనో తెలియక కుమార్తె ప్రసవమునకు ఇద్దరును పోలేకపోయిరి. ఇల్లాలు పోయినది, ఆయన కుక్కతో ఉండిపోయెను. మనుమరాలిని ఆయన మూడు నెలలకు గాని చూడలేదు. ఇది చిన్న కష్టమని త్రోసివేయదగినది కాదు.

అమెరికాలో ఈ పని వృత్తిగా స్థిరపడినది గత శతాబ్ది ఉత్తరార్ధమున. ప్యాటీ మోరన్ అను మహిళ 1987లో దీనిని జీవనోపాధిగా చేపట్టుటను గూర్చి గ్రంథము వ్రాసి, 1994లో పెట్ సిట్టర్స్ ఇంటర్నేషనల్ అను సంఘమును స్థాపించెను. మన దేశమున జంతుసంరక్షణ భావమునకు మదరాసు ముఖ్యస్థానము. 1959లో అచ్చట బ్లూక్రాస్ సంస్థ పుట్టినది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టము 3వ సెక్షను పాఠకులు గమనింపదగినది. జంతువు యజమానికే కాక, దానిని తన సంరక్షణలో నుంచుకొన్న ప్రతి వ్యక్తికిని దాని క్షేమము చూచు విధి కలదని అందున్నది. కనుక కూలికి కుక్కను కాచువాడును చట్టము దృష్టిలో కేవలము కూలివాడు కాడు.

మా బంధువర్గములో ఒక యువకుడు ఇంటర్మీడియెట్ చదివి, యంత్రశాలలో కొంతకాలము పనిచేసి, ఇప్పుడు హోసూరులో ఈ పని ప్రారంభింప దలచెను. “ఇందుకా నిన్ను చదివించినది?” అని తల్లి కంటతడి పెట్టుకొన్నది. “కుక్కలు కాచువానికి పిల్ల నెవరిత్తురు?” అని మేనమామ యడిగెను. ఈ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. మన కుటుంబములలో వృత్తికిని పెండ్లికిని గల ముడి అందరికిని తెలిసినదే. ఆ తల్లికిని మేనమామకును నేను చెప్పదలచినదే ఈ వ్యాసముగా వ్రాయుచున్నాను.

ప్రారంభించువారికి

విరాటపర్వమును ఒక్కసారి తలచుకొందము. నకులుడు దామగ్రంథియై గుఱ్ఱములను, సహదేవుడు తంత్రీపాలుడై ఆవులను కాచుటకు విరాటుని కొలువున చేరిరి. చేరునప్పుడు వారు ఏమి చెప్పిరి? పూర్వము ధర్మరాజు కొలువున ఇదే పని చేసితిమని చెప్పిరి. తమకు తెలిసిన లక్షణములను, చికిత్సలను వివరించిరి. పూర్వము ఎవరివద్ద పనిచేసితివి, ఏమి నేర్చితివి అను రెండు ప్రశ్నలకు సమాధానము సిద్ధముగా నుండవలెనని దీని యర్థము. కావున కొత్తవాడు మొదట పశువైద్యునివద్దనో, అనుభవశాలివద్దనో కొంతకాలము సేవచేసి, ఎరిగినవారి జంతువులను కాచి మంచిపేరు తెచ్చుకొనవలెను. మంచిపేరు లేక ప్రకటన వేసిన ప్రయోజనము లేదు.

పని ఒప్పుకొనుటకు ముందు యజమాని ఇంట నున్నప్పుడే పోయి ఆ జంతువుతో పరిచయము చేసికొనవలెను. యజమాని ఎదుట తోకయూపిన కుక్క అతడు లేనప్పుడు తలుపు తీయనీయకపోవచ్చును. కౌటిల్యుని రిజిస్టరువలె ఒక పుస్తకమున దాని పేరు, వయస్సు, గురుతులు, తిండి, వేళలు, మందులు, భయములు, టీకా తేదీలు, వైద్యుని చిరునామా వ్రాసికొనవలెను. ఏ దినము ఏ గంటనుండి ఏ గంటవరకు తన బాధ్యతయో, రుసుమెంతయో, వైద్యవ్యయము ఎవరిదో కాగితముపై వ్రాసి ఉభయులును సంతకము చేయవలెను. ఇంటి తాళపుచెవి తీసికొన్నప్పుడు రసీదు వ్రాసి యిచ్చుట మేలు. తాళపుచెవి యనగా ఆ ఇంటి మానమే.

తిండి మార్చరాదు. మనకు ఇష్టమైనదెల్ల దానికి మేలు చేయదు. ఉల్లి, ద్రాక్ష, చాకలెట్టు కుక్కకు విషప్రాయములు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ పిల్లి ప్రాణము తీయగలదు. వేసవి మధ్యాహ్నమున కాలు కాలు బాటపై కుక్కను నడిపింపరాదు. దీపావళి దినములలో బాణసంచా ధ్వనికి బెదరి గొలుసు తెంపుకొని పారిపోవు కుక్కలు అనేకము. ఆ దినములలో ద్వారము మూసి ప్రక్కన కూర్చుండవలెను. అందరు ఊరికి పోవు పండుగలలోనే ఈ పనివానికి పిలుపులు వచ్చును. తన పండుగను కొంత విడువ నొల్లనివాడు ఈ వృత్తికి రాకుండుటయే మంచిది. శక్తికి మించిన సంఖ్యను ఒప్పుకొనరాదు. ఇనుప యెడ్ల కాపరికివలె ఇతనికిని లెక్కయే ప్రాణము.

రేబిస్ వ్యాధిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. 1885లో లూయీ పాశ్చరు దీనికి టీకా ప్రయోగించి ఒక బాలుని రక్షించెను. 1907లో మన కూనూరున పాశ్చరు సంస్థ ప్రారంభమైనది. ఇంత జరిగినను లక్షణములు బయటపడిన పిదప ఈ వ్యాధికి చికిత్స లేదనియే చెప్పవలెను. కావున టీకాలు వేయించని కుక్కను ఒప్పుకొనరాదు. కాపరి తానును ముందుగా టీకా వేయించుకొనవలెను. కరచినచో గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో పారు నీటిలో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసరు పోయుట, కారము పెట్టుట చేయరాదు.

అన్నిటికంటె కఠినమైనది చివరి నియమము. జంతువు జబ్బుపడినను, తప్పిపోయినను, మరణించినను ఆ క్షణముననే యజమానికి చెప్పవలెను. దూరమున నున్నవారిని బాధింపనేలయని దాచుట దయ కాదు. మనువు చెప్పిన “తగిన కాలము, తగిన చోటు” ఇదియే. నిజము చెప్పిన కాపరికి ఒక ఇల్లు పోయినను పది ఇండ్లు దొరకును. దాచినవానికి ఉన్న ఇండ్లును పోవును.

ముగింపు

ఈ వృత్తిలో వచ్చు ఆదాయము మొదట స్వల్పము. జీతపురాళ్లవలె నెలనెలా రాదు. పండుగలకు నిండి తక్కిన దినములలో ఎండును. కావున కుటుంబభారము మోయు యువకుడు వేరొక ఆధారము కొంతకాలము ఉంచుకొని క్రమముగా దీనిని పెంచుకొనుట వివేకము. ఇది పెద్దలు చెప్పదగిన సలహా. కాని గౌరవము తక్కువ యను కారణముతో అడ్డగించుట మాత్రము పెద్దరికము కాదు. దేవుని దీపమును నమ్మి అప్పగించిన దాతలు, కాపరికి ధర్మశాస్త్రమున చోటిచ్చిన స్మృతికర్తలు, కుక్క పేరును రాతిపై చెక్కించిన మన సీమ పూర్వులు ఇట్టి మాట యెన్నడు అనియుండరు.

మనము తెలుగుదేశము విడిచి ఈ నేలపై తరతరములుగా నిలిచినవారము. ఇరుగుపొరుగువారు మనలను నమ్మి తమ పొలమును, పద్దును, పిల్లలను అప్పగించుటచేతనే ఇచ్చట వేరూనితిమి. నమ్మకమునే మూలధనముగా గల వృత్తి మనకు పరాయిది కాజాలదు. ఇకమీదట ఏ బాలునైన మందలింపవలసి వచ్చినచో వేరొక మాట వెదకుకొందము. గొడ్లు కాచుటకు ఓర్పు, లెక్క, వైద్యము, సత్యము నాలుగును కావలయును. వానిని నేర్చినవాడు ఎచ్చట నున్నను పనికివచ్చును.